మావయ్య మందుకు జరిగిన ఎన్నిక

మావయ్య నెత్తిన కొబ్బరికాయ పడింది. సొంత చెట్టుదే. పక్కవాడి చెట్టుదైతే కనీసం తగువైనా మిగిలేది. తలలో రక్తం గడ్డకట్టిందని విశాఖలో ఆపరేషన్ చేశారు. బాగానే లేచి కూర్చున్నాడు. అంతలో జ్వరం, మెడ బిగుసుకుపోవడం, అత్తను చూసి "ఎవులు నువ్వు?" అనడం.

మెదడు పొరలకు ఆసుపత్రిలోనే అంటుకున్న మెనింజైటిస్ అన్నాడు డాక్టరు. వెన్నులోంచి తీసిన నీటిలో ఏ క్రిమి ఉందో తేలేదాకా ఆగితే మనిషి ఆగడు కనుక, ముందుగానే రెండు యాంటీబయాటిక్స్ మొదలుపెడతానన్నాడు.

"ఒకటి వాంకోమైసిన్. దానితో కిడ్నీలను కాస్త కనిపెట్టి ఉండాలి."

ఇంటికో కిడ్నీ రోగి ఉండే ఉద్దానం వాళ్ల ముందు ఆ మాట అనకూడదని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. మా ఊళ్లో భోజనమైందా అని అడిగే ముందు, కిడ్నీల లెక్క చెప్పే క్రియాటినిన్ ఎంత అని అడుగుతారు. ఐసీయూ బయట బంధువులంతా ఒక్కసారిగా లేచారు.

మావయ్య అన్నగారు మాజీ సర్పంచి. ఏ సమస్యనైనా చేతులెత్తించి తేల్చడం ఆయన అలవాటు.

"ఆ మందు వద్దన్నోళ్లు సేతులెత్తండి!"

అందరూ ఎత్తారు. వేరే రోగి తాలూకు మనిషి కూడా ఎత్తాడు. బదులుగా, తన వీపు మీది సెగ్గడ్డను తగ్గించిన మాత్రను సర్పంచిగారు ప్రతిపాదించారు. ఏకగ్రీవం. నేనూ చెయ్యెత్తాను. నాది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ.

డాక్టరు ఓపికగా విన్నాడు. "ఆ మాత్ర మెదడు దాకా రాదండీ. విశాఖ టిక్కెట్టుతో పలాసలో ఎక్కి టెక్కలిలోనే దిగిపోతుంది."

"మరి మీ మందో?"

"వస్తుంది. రోజూ కిడ్నీ పరీక్ష చేస్తాం. రక్తంలో మందెంతుందో చూసి డోసు సర్దుతాం."

అత్త మా వైపు తిరిగింది. "సేతులు దించండి, సాలు. నన్నే పోల్చుకోలేనోడికి కిడ్నీలేటి సేసుకోడానికి? ఎక్కించీండి బాబూ."

రిపోర్టు వచ్చింది. ఆ క్రిమి లొంగేది మేం ఓడించిన మందుకేనట. రెండోదాన్ని ఆపేశారు. సర్పంచిగారు డిపాజిట్ పోయినవాడిలా కూర్చున్నారు. క్రియాటినిన్ కాస్త పెరిగింది, డోసు తగ్గించారు, అది దిగింది. ఈలోపు మేమెవరమూ సరిగా అన్నం తినలేదు.

ఒక ఉదయం మావయ్య కళ్లు తెరిచాడు.

"మీ పేరేమిటండీ? ఎక్కడున్నారు?" అడిగాడు డాక్టరు.

మావయ్య ఎక్కుతున్న సీసా వైపు అనుమానంగా చూశాడు. "క్రియాటినిన్ ఎంతొచ్చింది?"

డాక్టరు మొహం వాడిపోయింది. "ఇంకా తికమక తగ్గినట్టు లేదమ్మా..."

అత్త కొంగుతో కళ్లొత్తుకుంది. "నేదు బాబూ. మనిషి తిన్నగున్నాడు."