మంచినీళ్ళ చెరువులో జనుము

మా ఊరి మునసబు పోయాక ఆయనను పొగడనివాళ్ళు లేరు. ధర్మాత్ముడన్నారు, ఊరికి పెద్ద దిక్కన్నారు. నాకు ఆయన మీద ఉన్న కోపం ఇప్పటికీ పోలేదు. పోవాలని కోరుకోవడమూ లేదు. ఒక వేసవిలో ఆయన మా చేత తాగించిన నీళ్ళు అందుకు కారణం.

నేను ఆ ఊరికి కోడలిగా వెళ్ళేనాటికి ఆనకట్ట కట్టి చాలాకాలమయింది. ధవళేశ్వరం నుంచి వచ్చే పెద్ద కాలవలోంచి చీలిన పిల్లకాలవ మా ఊరి పక్కగా పోయేది. మండపేట వైపు ఊళ్ళకు నీళ్ళ కరువు తెలియదు. మాది కాలవ చివరి ఊరు. నూతులు తవ్వితే ఉప్పునీళ్ళు పడేవి. వేసవిలో మరమ్మతులకని కాలవ కట్టేసేవారు. కట్టేసేలోపు ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకుంటే, మళ్ళీ కాలవ వదిలేదాకా ఊరందరికీ ఆ చెరువే. తియ్యటి నీళ్ళు పడ్డ నుయ్యి ఊరు మొత్తం మీద ఒక్కటే ఉండేది. అది మునసబు దొడ్లో, గోడ లోపల.

మునసబు మా మామగారికి పినతండ్రి కొడుకు. వయసులో పెద్ద, ఆస్తిలో ఇంకా పెద్ద. ఆయన వస్తే మా మామగారు అరుగు మీంచి లేచి నిలబడేవారు. ఊళ్ళో చిన్న తగవుల తీర్పూ, చిన్న నేరాల శిక్షా ఆయన చేతిలోనే ఉండేవి.

చెరువుకు రెండు రేవులు. పైరేవు మా రైతుల ఇళ్ళవాళ్ళది. కిందిరేవు ఊరవతల గుడిసెల్లో ఉండే జాలరివాళ్ళది. వాళ్ళు పైరేవుకు రాకూడదు. మంచినీళ్ళ చెరువులో పశువులను దించకూడదనీ, బట్టలు ఉతకకూడదనీ, జనుము నానబెట్టకూడదనీ, తప్పినవాళ్ళకు శిక్ష తప్పదనీ ప్రతి వేసవీ వెట్టివాడు డప్పు కొట్టి చాటేవాడు. తాసీల్దారు కచేరీ నుంచి వచ్చిన ఆజ్ఞ అది. చాటించేది మునసబే.

ఆ శిక్ష ఎలా ఉంటుందో ఆ ఏడు వేసవి మొదట్లోనే చూశాం. మా ఇంటికి చేపలు తెచ్చే జాలరి మనిషి ఒకతె ఉండేది. నాకంటే కొంచెం పెద్దది. పెద్ద గొంతు, ఎవరికీ తగ్గేది కాదు. ఆమె కిందిరేవులో చేపలబుట్ట కడిగిందని మునసబు ఆమెను చావడి ముందు బొండలో వేయించాడు. బొండ అంటే కాళ్ళు రెండూ కన్నాల్లో ఇరికించి బిగించే దుంగ. నడినెత్తిన ఎండ. మేం బిందెలు చంకన పెట్టుకుని ఆమె ముందునుంచే చెరువుకు వెళ్ళాం. ఆమె తల దించుకోలేదు. మేమే దించుకున్నాం.

ఆ తరవాత కొద్ది రోజులకే మునసబు పొలంలో జనుము కోశారు. నార తీయాలంటే జనుము కట్టలు నీళ్ళలో కుళ్ళాలి. ఏటా పొలానికి నీళ్ళు పారే బోదెలో నానబెట్టేవారు. ఆ ఏడు బోదెలన్నీ ముందే ఎండిపోయాయి. ఒక ఉదయం నేనూ మా తోడికోడలూ చెరువుకు వెళ్ళేసరికి మునసబు పాలేర్లు రెండు రేవులకూ మధ్య కట్టలు దించి, అవి తేలకుండా మీద మట్టిబెడ్డలు పేరుస్తున్నారు.

మా తోడికోడలిని నేను అక్కా అని పిలిచేదాన్ని. కొత్తగా కాపురానికి వచ్చిన నాకు ఆ ఇంట్లో ముద్ద దిగిందంటే ఆవిడ వల్లే. గట్టిగా మాట్లాడడం ఎరగదు. ఆవిడే అడిగింది.

"ఇదేంటయ్యా, ఇవి తాగే నీళ్ళు కదా."

"మునసబుగారు దించమన్నారండి. మమ్మల్ని అడిగితే ఏం చెప్తామండి," అన్నాడు పాలేరు తల ఎత్తకుండా.

ఇంటికి వచ్చి అత్తగారితో చెప్పాం. గదిలోంచి మామగారు విన్నారు. "పెద్దాయన ఆలోచించకుండా చేస్తాడా. గుడ్డ వేసి వడకట్టుకోండి," అన్నారు.

వడకట్టాం. గుడ్డ నల్లబడింది, నీళ్ళ రంగు మారలేదు. ఆ కంపు బిందెకు పట్టుకుంది, అన్నానికి పట్టుకుంది, పసిపిల్లల నోటికి పట్టుకుంది. చింతపండు వేసి తోమినా పోయేది కాదు. జాలరి మనిషి ఖాళీ బుట్టతో మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"చిన్నమ్మగోరూ, సెరువులో సేపలు తెల్లగా తేలిపోతన్నాయండి. బుట్ట కడిగితే నన్ను బొండలో ఏశారు. ఇప్పుడెవర్ని ఏస్తారో మీ పెద్దాయన్ని అడిగి సెప్పండి."

నేను అడిగాను. మునసబు ఇంట్లో ఏదో వ్రతమైతే ఆడవాళ్ళందరం వెళ్ళాం. ఆయన నడవలో పడకకుర్చీలో ఉన్నాడు. తలుపు వారగా నిలబడి, "మామయ్యగారూ, చెరువు నీళ్ళు తాగలేకపోతున్నామండి. ఆ కట్టలు తీయించేదాకా మీ నూతి నీళ్ళు ఊళ్ళోవాళ్ళను తోడుకోనివ్వండి," అన్నాను.

ఆయన నా వైపు తిరగనుకూడా లేదు. "నాలుగు రోజులు వాసనొస్తుంది, పోతుంది. మీ అత్త ఇన్నేళ్ళలో నా ముందు నోరెత్తలేదే. నీకేంటమ్మాయ్ ఈ పెత్తనం," అన్నాడు. అంటూనే కోడలు తెచ్చిన వెండిగ్లాసు అందుకుని నూతినీళ్ళు గటగటా తాగాడు. ఆయన గొంతు కదలడం చూస్తూ నిలబడ్డాను. ఒక మనిషిని అంతగా అసహ్యించుకోవడం నాకు అదే మొదలు.

చెరువు నీళ్ళు నోట పెట్టలేక జనం ఎండిన కాలవలో చెలమలు తవ్వుకున్నారు. ఇసుకలో గుంట తీస్తే ఊరే నీళ్ళు. ఆ కాలవలోనే పశువులను కట్టేవారు, ఆ కాలవలోనే చెంబులు పట్టుకుని వెళ్ళేవారు. ఆ నీళ్ళు ఎలాంటివో అందరికీ తెలుసు. అయినా దాహం ఆగదు.

మరిడి వచ్చింది. కలరాను మా వైపు అలాగే అనేవారు. ముందు జాలరి గుడిసెల్లో మొదలైంది. చేపలు తెచ్చే మనిషి కూతురు పోయింది. ఇంకా పాలపళ్ళు ఊడని పిల్ల. తరవాత మా వీధికి వచ్చింది.

అక్కకు తెల్లవారుతూనే వాంతులు మొదలయ్యాయి. పొద్దెక్కేసరికి కళ్ళు లోపలికి పోయాయి, చేతివేళ్ళు ముడతలు పడ్డాయి. దాహం, దాహం అంటోంది. చెరువు నీళ్ళు ఇవ్వనా, చెలమ నీళ్ళు ఇవ్వనా? బిందె పట్టుకుని మునసబు ఇంటికి పరిగెత్తాను. పాలేరు తలుపు దగ్గరే ఆపాడు.

"మరిడి తగిలిన ఇంటివాళ్ళని నూతి దగ్గరికి రానివ్వద్దన్నారండి."

"నన్ను రానివ్వకపోతే నువ్వు తోడిపెట్టు. నేనిక్కడే నిలబడతాను."

అతను లోపలికి వెళ్ళి వచ్చాడు. "వద్దన్నారండి," అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ కన్నీళ్ళు నాకేం పనికొస్తాయి? ఖాళీ బిందెతో ఇంటికి వచ్చాను. మధ్యాహ్నానికి అక్క పోయింది.

మరిడమ్మకు కోపం వచ్చిందని మునసబు జాతర చేయించాడు. డప్పులు మోగాయి, వేపమండలు కట్టారు. అమ్మవారికి నేనూ మొక్కాను. ఊరు చేసిన తప్పేదో ఉందని ఆయన చావడిలో అన్నాడట. చేసింది ఊరు కాదని అనే నోరు మగవాళ్ళలో ఒక్కరికీ లేకపోయింది.

చావుల కబురు ఎలా చేరిందో, తాసీల్దారు విచారణకు వస్తున్నారని తెలిసింది. ఆయన బండి దిగి ముందు మునసబు ఇంట్లో భోజనం చేశారు. తరవాత గుమాస్తాను, బంట్రోతును వెంటబెట్టుకుని పైరేవుకు వచ్చారు. అప్పటికే మునసబు పాలేరు ఇత్తడి బిందెతో అక్కడ నిలబడి ఉన్నాడు. బిందె బయట తడిసి, అప్పుడే చెరువులో ముంచినట్టుంది. నీళ్ళు మాత్రం కన్నీటిలా తేటగా ఉన్నాయి. ఆడవాళ్ళం గట్టు మీద గుంపుగా నిలబడ్డాం. కిందిరేవు పక్కన జాలరివాళ్ళు ఉన్నారు.

"చూడండి బాబూ, ఊరంతా తాగేది ఇవేనండి," అన్నాడు మునసబు.

పాలేరు బిందెలోంచి పోసిచ్చిన గ్లాసు ఎత్తి తాసీల్దారు ఒక గుక్క తాగారు. "బాగానే ఉన్నాయే," అన్నారు.

అంతవరకూ నేనేం చేయాలో అనుకోలేదు. చేతిలో చెంబు ఉంది. రేవులోకి దిగి ముంచాను. నల్లటి నీళ్ళు, పైన నురగ. తీసుకెళ్ళి తాసీల్దారు ముందు పట్టుకున్నాను.

"అవి చెరువు నీళ్ళు కావండి. మునసబుగారి నూతి నీళ్ళండి. చెరువు నీళ్ళు ఇవి."

మునసబు మొహం కందిపోయింది. గొంతు మాత్రం మెత్తగానే పెట్టాడు. "మా వాళ్ళ కోడలండి. తోడికోడలు పోయిన దుఃఖంలో ఏదో మాట్లాడుతోందండి."

"దుఃఖం నాదేనండి. నీళ్ళు మాత్రం చెరువువి. తాగి చూడండి బాబూ."

తాసీల్దారు చెంబు దగ్గరకు మొహం వంచి వెంటనే వెనక్కి తీసుకున్నారు. గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా బంట్రోతు వైపు చూశాడు. బంట్రోతు నా చేతిలోంచి చెంబు తీసుకుని గట్టు మీద ఒంపేశాడు. "విచారిస్తాం," అని తాసీల్దారు బండి వైపు నడిచారు. మునసబును ఒక్క మాట అనలేదు. ఆ కట్టలు ఎవరివని అడగలేదు. ఆయన వచ్చినదే అడగకుండా వెళ్ళడానికని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఆయన తాగలేదు. అది మేమందరం చూశాం.

బండి కదలగానే జాలరి మనిషి చీర బిగించి కిందిరేవులోంచి నీళ్ళలోకి దిగింది. మొలలోతులో నిలబడి ఒక కట్ట మీది బెడ్డలు తోసేసి, కట్టను ఒడ్డుకు లాగింది. నేనూ దిగాను. నా వెనక మా వీధి ఆడవాళ్ళు ఒక్కొక్కరే దిగారు. కట్టలు జారుతున్నాయి. ఒకరు లాగితే ఇంకొకరు తోశాం.

మునసబు గట్టు మీద నుంచి అరిచాడు. "ఒక్కొక్కత్తినీ బొండలో వేయిస్తాను."

"ఎంతమందిని ఏస్తారండి? ఉన్నది ఒక్క దుంగ," అంది జాలరి మనిషి, చేతిలో కట్ట వదలకుండా.

పాలేర్లను దిగమన్నాడు. వాళ్ళు కదలలేదు. సాయంత్రానికి జనుమంతా గట్టు మీదికి వచ్చింది.

ఆ రాత్రి నా భర్త అరుగు మీద పడుకున్నాడు. మామగారు నా చేతి వంట చాలాకాలం ముట్టలేదు. అది నన్ను బాధించలేదు. బాధించింది వేరొకటి. మర్నాడు మా వీధి పెద్దావిడలు, నాతో పాటు నీళ్ళలో దిగినవాళ్ళే, పైరేవు మెట్లకు పసుపునీళ్ళు చల్లారు. కట్టలు లాగుతూ జాలరివాళ్ళు మా వైపు వచ్చారట, రేవు మైలపడిందట. నేను అడ్డుపడితే, "చేసింది చాలు, ఊరుకో," అన్నారు. ఆ మాట అన్నవాళ్ళనూ నేను క్షమించలేదు.

తాసీల్దారు విచారణ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మునసబు మునసబుగానే ఉన్నాడు. ఆ తరవాత జనుము మాత్రం చెరువులో వేయలేదు. ఆజ్ఞకు భయపడి కాదు. కట్టలు కనిపిస్తే ఆడవాళ్ళు లాగేస్తారని తెలుసు గనుక. కాలవ వదిలాక కొత్తనీళ్ళు వచ్చి చెరువు మెల్లగా తేరుకుంది. పైరేవుకు రాతిమెట్లు కట్టించారు. కిందిరేవు బురదలోనే ఉంది. ఊళ్ళో పశువులను ఆ పక్కనే దించేవారు. డప్పు మాత్రం ఏటా మోగేది.

జాలరి మనిషి ఆ ఏడాదే సముద్రం వైపు ఉన్న పుట్టింటికి వెళ్ళిపోయింది. చాలా ఏళ్ళకు ఒక సంతలో ఎండుచేపలు అమ్ముతూ కనిపించింది. జుట్టు నెరిసింది, గొంతు తగ్గలేదు. నన్ను చూసి పలకరించింది.

"సెరువు ఎలాగుందండి?"

"బాగుందే. నీళ్ళు తేటగా ఉంటున్నాయి."

"మా రేవండి?"

ఉన్నదే చెప్పాను. ఇప్పటికీ పశువులు దిగుతున్నాయని, మీవాళ్ళు అవే ముంచుకుంటున్నారని.

ఆమె నా మొహంలోకి చూసింది. "మీరంతా ఉండి కూడా అలాగే ఉందా అండీ," అని, పక్కన నిలబడ్డ మనిషికి చేపలు తూచడానికి తిరిగింది.