కురవి దాకా ఆగకుండా

మా బాపు ఒక మాట అన్నాడంటే దాన్ని వెనక్కి తీసుకోడు. "కురవి గుడి దాక నడుమ ఆగకుంట పోతె బండిని ఉంచుత. ఆగిందా, తెల్లారి పాత ఇనుపసామానాయనను పిలుస్త" అన్నాడు. అలా అన్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు, కారు వైపూ చూడలేదు.

అది పాత టర్బో డీజిల్ కారు. బచ్చన్నపేట నుంచి పెళ్లిళ్లకూ దవాఖానలకూ కిరాయికి తిప్పి, బాపు దానితోనే మమ్మల్ని సాకాడు. రానురాను మనుషులు నిండా ఎక్కితే దానికి దమ్ము చాలేది కాదు, దారంతా నల్లటి పొగ ఊదేది. కిరాయిలు తగ్గిపోయాయి. ఆఖరికి దాన్ని రేకుల కింద పెట్టేశాడు. అప్పటి నుంచి ఆయనా అలాగే అయిపోయాడు. పొద్దంతా అరుగు మీదే కూర్చునేవాడు, పిలిస్తే పలికేవాడు కాదు. ఎవరైనా అలవాటుగా "డ్రైవరన్నా" అంటే లేచి లోపలికి పోయేవాడు. నాకు కావలసింది కారు కాదు, బాపు. బండి తుక్కుకు పోతే ఆయన ఇక ఆ అరుగు దిగడని నా భయం.

నేను జనగామలో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డులో పనిచేస్తాను. ఆడపిల్ల చేతికి గ్రీజేందని అడిగేవాళ్లకు జవాబు చెప్పీ చెప్పీ నా నోరు కొంచెం దురుసైంది. బండి రోగం నాకు తెలుసు. టర్బో గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. నొక్కిన గాలి వేడెక్కి పలచబడుతుంది, దాంతో ఇంజిన్‌కు ఊపిరి చాలదు. మధ్యలో ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ మా కారుకు పుట్టుకతోనే లేదు.

కొత్తది కొనే తాహతు ఎక్కడిది? భూపాలపల్లిలో గుద్దుకుని నుజ్జయిన కారును విప్పుతున్నారని తెలిసి పరుగెత్తాను. కాటారం వైపు నుంచి వచ్చిన బస్సెక్కి, ఆ నుజ్జయిన కారు ఇంటర్‌కూలర్‌ను రెక్కలు వంగకుండా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఇంట్లో తుప్పుపట్టిన కూలర్ స్టాండును కోసి బిగింపులు చేశాను. గొట్టాలు వేరే పాత బండ్లవి. బంపర్‌ను మధ్యలో కోసి, రేడియేటర్ ముందు ఇంటర్‌కూలర్‌ను నిలబెట్టాను. పక్కింటాయన వచ్చి చూసి, పైన పటారం లోన లొటారం అని నవ్వాడు. పైన కూడా పటారమేమీ లేదు కదా అని నేనే అన్నాను. బాపు మాత్రం నవ్వలేదు, తిట్టలేదు, ఒక్క పానా కూడా అందివ్వలేదు. అదే నన్ను ఎక్కువగా కాల్చింది.

ప్రయాణం రోజు నేను తయారై వచ్చేసరికి కారు ముందు భాగానికి ఎర్రబట్ట, దాని మీద మూడు చుట్లు తిప్పి కట్టిన లావుపాటి బంతిపూల దండ ఉన్నాయి. అమ్మను మేం అవ్వా అనే పిలుస్తాం; ఇది అవ్వ పనే అనుకున్నాను. అందంగా ఉందనీ అనుకున్నాను. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి బయలుదేరాం. స్టీరింగ్ నా చేతిలో ఉంది. పక్కన బాపు, వెనక కొబ్బరికాయల సంచితో అవ్వ కూర్చున్నారు.

జనగామ దాటేదాకా బండి హాయిగా లాగింది. పొగ లేదు. ఇల్లు అలకగానే పండగ కాదని నాకు పాలకుర్తి దాటాక తెలిసింది. వేడి చూపించే సూది నడుమ నుంచి పైకి కదిలింది.

వేగం తగ్గించాను. సూది తగ్గలేదు. ఏదో గొట్టం ఊడిందా, నీళ్లు కారుతున్నాయా, నేనేం తప్పు బిగించాను అని బుర్ర తిరిగిపోయింది. ఇంజిన్ వేడి కొంచెమైనా బయటికి పోతుందని హీటర్ తిప్పాను. నడి ఎండాకాలంలో హీటర్! అవ్వ కాళ్లు కాలుతున్నాయని గొణిగింది. ఇన్నేళ్లు బండి నడిపిన బాపుకు ఎండలో హీటర్ ఎందుకు పెడతారో ఒకరు చెప్పాలా? ఆయన చూపు రోడ్డు మీదే ఉంది. నుదుటి మీది చెమట తుడుచుకోవడం కూడా లేదు.

సూది ఎర్రగీతకు దగ్గరైంది. ఆపకపోతే ఇంజిన్ పోతుంది. ఆపితే బాపు మాట ప్రకారం బండే పోతుంది. నా కాలు బ్రేకు మీదికి పోనన్నది.

"ఆపు" అన్నాడు బాపు.

నేను ఆపలేదు.

"ఆపు బిడ్డా."

తుమ్మచెట్టు నీడలో ఆపాను. తొర్రూరు ఇంకా రానేలేదు. దిగి బానెట్ ఎత్తాను. గొట్టాలు గట్టిగానే ఉన్నాయి, ఎక్కడా ఒక్క చుక్క కారడం లేదు, ఫ్యాను తిరుగుతోంది. ఇంటర్‌కూలర్‌ను ముట్టుకుందామని ముందుకు వచ్చి చెయ్యి పెడితే బట్ట తగిలింది. బంతిపూలు ఉడికి మెత్తబడిపోయాయి. నేను గాలి కోసం బంపర్‌లో కోసిన దారి మొత్తం ఆ దండా ఆ బట్టా మూసేశాయి. పొద్దున నా కళ్లు దాన్ని చూశాయి గానీ బుర్ర చూడలేదు.

ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు నా కోపం అవ్వ మీద పడింది. ఇంత గట్టిగా ఎవరు చుట్టమన్నారని అరిచాను.

"నేనెందుకు కడ్త? మీ బాపు పొద్దుగాల మొదటి బస్సుకు జనగామ వొయి పూలు తెచ్చిండు" అంది అవ్వ.

నేను బాపు వైపు తిరిగాను. ఆయన కారు దిగి ముందుకు వచ్చాడు. దండ ముడి వేళ్లకు లొంగలేదు, పళ్లతో లాగాడు. "నడుమల ఊడిపోవద్దని గట్టిగ కట్టిన" అన్నాడు నేల చూస్తూ. ఒక్క పానా అందించని మనిషి చీకటితో లేచి పూల కోసం బస్సెక్కాడా! కడుపు నిండిపోయింది, భయం మాత్రం పోలేదు. మాట మాటే కదా.

ఇంజిన్ చల్లారి సూది దిగేదాకా ఆగాం. ఆయన అనకముందే నేనే అనేశాను, బండి ఆగింది బాపూ అని.

"బండి ఆగలే. నేను ఆపిన" అన్నాడు. దండనూ బట్టనూ తీసుకెళ్లి అవ్వ ఒళ్లో పెట్టాడు. డ్రైవర్ తలుపు తీసి, "గటు జరుగు" అన్నాడు.

సీటు వెనక్కి జరుపుకున్నాడు. అద్దం తన ఎత్తుకు తిప్పుకున్నాడు. కురవి దాకా బండి ఆగలేదు. తిరిగి వచ్చేటప్పుడు కూడా ఆయన నాకు స్టీరింగ్ ఇవ్వలేదు.