సొట్ట ఉన్నదే నూనె సీసా

ఎల్లారెడ్డిలో ఒక షామియానా కింద కూర్చున్న నలభై మందిని ఒకేసారి బొటబొటా ఏడిపించినవాణ్ని నేను. ప్రసంగం చేసి కాదు, పాట పాడి అంతకన్నా కాదు. ఒక్క స్టీలు సీసాతో. ఆ సీసా మధ్యధరా సముద్రం ఒడ్డు నుంచి వచ్చింది. దాన్ని తెచ్చినవాడి తలకాయ మాత్రం అక్కడే ఎక్కడో పడిపోయిందని మా ఆవిడ స్వరూప ఇప్పటికీ అంటుంది. జరిగింది జరిగినట్టు చెప్తాను, నవ్వుకోండి.

అప్పట్లో కామారెడ్డిలో ఒక కాలేజీలో బోటనీ చెప్పేవాణ్ని. దానికి తోడు పర్యావరణ క్లబ్బు పెద్దరికం కూడా నెత్తిన పడింది. పెద్దరికం రాగానే నాకు ఉపన్యాసాల జబ్బు పట్టుకుంది. బస్టాండు దగ్గర చాయ్ బండి అన్న నన్ను దూరం నుంచి చూడగానే ప్లాస్టిక్ కప్పులన్నీ తువ్వాల కింద దాచేవాడు. ఆ ఎండాకాలం సెలవుల్లో 'పర్యావరణ హిత మధ్యధరా యాత్ర' అన్న ప్రకటన కంటబడింది. గ్రీసు దేశంలో ఒక దీవి. భూమిని కాపాడే ఆ యాత్రకు రెండు విమానాలు మారి వెళ్లాలని మీకు వెంటనే తట్టి ఉంటుంది. నాకు తట్టలేదు.

చెప్పి వద్దామని ఎల్లారెడ్డిలో ఉన్న మా పెద్దమ్మ రూతమ్మ దగ్గరికి వెళ్లాను. అమ్మకు అక్క. బీడీలు చుట్టి నన్ను చదివించిన మనిషి. రెండేళ్ల పాటు కళ్లు సరిగా కనబడక, తునికాకును వేళ్లతో తడుముకుంటూనే బీడీలు చుట్టింది. అంతకుముందు చలికాలంలోనే రెండు కళ్లకూ ఆపరేషన్ అయి, చూపు వచ్చింది.

"యాడికి పోతున్నవ్ బిడ్డా?"

"గ్రీసు పెద్దమ్మా. మధ్యధరా సముద్రం కాడికి."

"గా దిక్కు ఒలీవ చెట్లు ఉంటయా?"

"యాడ చూసినా అవే ఉంటయ్."

పెద్దమ్మ చేతిలో కత్తెర ఆగింది. "అయితే నాకు సీసడు ఒలీవ నూనె తే కొడుకా. బైబిల్ల ఇనుడే గని ఎన్నడు సూడలే. కండ్లిచ్చిన దేవునికి కృతజ్ఞత కూడిక పెట్టుకుంటున్న. పాస్టరయ్యతోని గా నూనె అందరి నెత్తికి రాపియ్యాలె. గంతే, ఇంకేం వద్దు."

పెద్దమ్మ అంతవరకు నన్ను ఏదీ అడిగి ఎరగదు. తప్పకుండా తెస్తానన్నాను. ఆవిడ ఒళ్లోని చాటలోంచి బీడీలకు కట్టే ఎర్రదారం మూరెడు తెంపి నా చేతిలో పెట్టింది.

"నూనె పోసినంక సీస మెడకు గిది కట్టు. మర్శిపోకు."

గోడ అలమరలో ఆవిడ వాడేవన్నీ ఒకే రకం పాత సీసాలు. పల్లినూనె సీసా మెడకు ఎర్రదారం, గ్యాసునూనె దానికి నల్ల పేలిక, ఫినాయిలు దానికి రెండు ముళ్లు. చూపు లేని రెండేళ్లూ చేత్తో తడిమి ఏది ఏదో చెప్పేది. ఒక్కసారి కూడా పొరపాటు పడలేదు. నేను ముసిముసిగా నవ్వుకుని దారం జేబులో వేసుకున్నాను.

దీవి సంగతి. ఏసీ లేదు, భూమికి వేడి. తువ్వాలు రోజూ మార్చరు, నీటికి కరువు. స్నానానికి ఒక బకెట్టు. బట్టలు తీగ మీద ఆరేసుకోవాలి. మధ్యాహ్నం రొట్టె, ఉల్లిగడ్డ, కాస్త నూనె. ఎటు వెళ్లాలన్నా నడకే. ఇవే ఎల్లారెడ్డిలో ఉంటే పేదరికం అంటాం. అక్కడ వాటికి ఆకుపచ్చ బోర్డు తగిలించారు కాబట్టి నేను పులకించిపోయి నోటుబుక్కులో రాసుకున్నాను.

చివరి రోజు ఒక దుకాణానికి వెళ్లాను. అక్కడ ప్యాకెట్లు లేవు, డబ్బాలు లేవు, పేర్లు రాసిన చీటీలూ లేవు. మన సీసా మనమే తీసుకెళ్లాలి, పెద్ద పీపాల్లోంచి పట్టి ఇస్తారు. నా దగ్గర ఒకే రకం స్టీలు సీసాలు రెండున్నాయి. ఒకదాంట్లో పెద్దమ్మకు ఒలీవ నూనె పట్టించాను. రెండోదాంట్లో స్వరూపకు గిన్నెలు తోమే సబ్బు. అదీ ఒలీవ నూనెతో చేసిందే. బంగారు రంగు, చిక్కదనం, వాసన అన్నీ అచ్చం నూనెలాగే ఉన్నాయి.

"గుర్తుకు ఏమైనా కట్టమంటారా?" అని దుకాణపామె సైగ చేసింది.

జేబులో దారం తగిలింది. అంత అందమైన దుకాణంలో బీడీ దారం బయటికి తీయడానికి నామోషీ అనిపించింది. ఒక సీసాకు అడుగున చిన్న సొట్ట ఉంది. 'సొట్ట ఉన్నది నూనె' అని మనసులో అనుకుని, నా తెలివికి నేనే మురిసిపోయాను.

కామారెడ్డిలో పెట్టె తెరిస్తే రెండు సీసాలకూ సొట్టలున్నాయి. విమానాశ్రయంలో పెట్టెలు విసిరేవాళ్లకు నా గుర్తుల సంగతి ఎలా తెలుస్తుంది? మూతలు తీసి వాసన చూశాను. రెండూ ఒలీవే.

"జర నాలిక మీద ఏసుకుని చూడరాదు?" అంది స్వరూప.

"అవసరం లేదు. పెద్ద సొట్టదే నూనె," అన్నాను. సైన్సు చదువుకున్నవాణ్ని మరి.

చిన్న సొట్ట సీసా వంటింట్లోకి వెళ్లింది. మర్నాడు పొద్దున స్వరూప చేతిలో గిన్నెతో వచ్చింది. "ఏందండీ గీ సబ్బు? ఎంత రుద్దినా నురగ వస్తలేదు."

"నురగ రావద్దు. చెర్లను ఖరాబు చేసేదే గా నురగ. గిది పర్యావరణ హితం."

"జిడ్డు గూడ పోతలేదు."

"జిడ్డు గాదు, మెరుపు. ప్రకృతి ఇచ్చిన మెరుపు."

మూడో రోజుకు మా ఇంట్లో గ్లాసు పట్టుకుంటే చేతిలో నిలవలేదు. చాయ్ మీద బంగారు చుక్కలు తేలాయి. స్వరూప నోరు తెరిచినప్పుడల్లా నేను ఒక ఉపన్యాసం ఇచ్చాను. కూడికకు వెళ్తూ ఆ సీసా కూడా స్వరూప చేతికిచ్చి వెంట తీసుకెళ్లాను. అన్నం బోళ్లు దాంతోనే తోమాలని, ఎల్లారెడ్డి వాగుల్లోకి రసాయనాలు పోవద్దని హుకుం జారీ చేశాను.

జూన్ మొదలైనా వాన జాడ లేదు. షామియానా కింద నలభై మంది. నేను లేచి ఆ నూనె గురించి, దీవి గురించి, చీటీలు లేని దుకాణం గురించి అరగంట మాట్లాడాను. పెద్దమ్మ ముందు వరసలో కూర్చుని, కొత్త కళ్లతో ఆ సీసానే చూస్తోంది. పాస్టరయ్య ప్రార్థన చేసి అరచేతిలో కాస్త పోసుకున్నారు.

"ముందుగాల నీకమ్మా," అన్నారు.

"వద్దయ్యా, సుట్టాలకు రాయుండ్రి. ఇంటోళ్లం ఆఖరుకు," అంది పెద్దమ్మ.

ఒక్కొక్కరి నెత్తికీ దండిగా రాశారు. నేనే "ఇంకింత పోయుండ్రి అయ్యగారు" అని ఎగదోశాను. అంతలో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. చెమట నెత్తి మీద నుంచి నుదుటికి, నుదుటి నుంచి కళ్లకు దిగింది. మొదట ఒక ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత ఆయన పక్కనామె. తర్వాత వరస మొత్తం. చూస్తుండగానే నలభై మంది వెక్కుతూ, ముక్కులు చీదుతూ ఏడుస్తున్నారు.

నాకు ఒళ్లు పులకరించింది. "చూసినవా స్వరూపా, నా మాటలకు ఎట్ల కదిలిపోయిండ్రో!" అన్నాను. ఆవిడ వెనకాల బోళ్ల దగ్గర ఉంది, వినలేదు.

అదే చేత్తో ముఖం తుడుచుకున్న పాస్టరయ్య కూడా ఏడుస్తున్నారు. ఏడుస్తూనే నా చెవి దగ్గరికి వంగారు. "బ్రదర్, నూనె కండ్లను మండిస్తదా?"

"స్వచ్ఛమైన నూనె అయ్యగారు, జర ఘాటు ఉంటది."

ఆ ముసలాయన ఆగలేక తాగేనీళ్ల డ్రమ్ము దగ్గరికి పరిగెత్తి రెండు చెంబులు నెత్తిన పోసుకున్నాడు. పోసుకుని రుద్దాడు. అంతే, ఆయన తల మీద తెల్లగా నురగ లేచింది. రుద్దినకొద్దీ పెరిగింది. నురగలోంచి ఆయన గొంతు మాత్రం వినబడింది: "ఓ అయ్యా, గిది సబ్బు!"

నలభై మందీ డ్రమ్ము మీద పడ్డారు. నా మూడు రోజుల ఉపన్యాసాల్లో లేనే లేదన్న నురగ అంతా షామియానా నిండా పారింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. పెద్దమ్మ ముఖం చూడటానికి ధైర్యం చాలలేదు. అడిగింది ఒక్కటే. దాన్ని కూడా గిన్నెల సబ్బు చేశాను.

అప్పుడు వెలిగింది. వెనక్కి పరిగెత్తాను. స్వరూప, ఇంకో ఇద్దరు బోళ్లు తోముడు మొదలుపెట్టారు.

"స్వరూపా, ఆపు! గా సీసల ఎంతున్నది?"

"ఎంతుంటది? అడుగున జరంత. గిది పెద్ద గంజుకు రాద్దామని..."

లాక్కుని నాలుక మీద వేసుకున్నాను. నూనె. అసలు సిసలు ఒలీవ నూనె. దాంతో మేం మూడు రోజులు గిన్నెలు తోమాం.

తెచ్చి పాస్టరయ్య చేతిలో వంపితే అరచెంచాడు వచ్చింది. వరసలో మిగిలింది పెద్దమ్మ ఒక్కతే. ఆయన ఎర్రబడ్డ కళ్లతో ప్రార్థన చేసి ఆవిడ నుదుటికి రాశారు. పెద్దమ్మ ఒక చుక్క వేలితో తీసుకుని, కంటి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గిట్లుంటదా ఒలీవ నూనె," అంది. ఈసారి నిజంగా ఏడ్చింది నేనొక్కణ్నే.

తర్వాత ఆవిడ బోసిగా ఉన్న రెండు సీసాల మెడలూ చూసి, నా జేబులో చెయ్యి పెట్టి, ఇంకా అక్కడే పడి ఉన్న ఎర్రదారం బయటికి లాగింది. ఏ సీసాకు కడుతుందో అనుకున్నాను. నా మెడకు కట్టింది.

"ఏది ఏందో తెలవని సరుకుకు గుర్తుండాలె బిడ్డా," అంది. తలలు తుడుచుకుంటున్న నలభై మందీ అప్పుడు నవ్వారు.

అందుచేత కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రజల సమక్షంలో ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో సొట్టను నమ్మను. బీడీ దారాన్ని చూసి నవ్వను. నురగ రావడం లేదని మా ఆవిడ అంటే, ముందు నా నాలుక మీద వేసుకుని చూసి, ఆ తర్వాతే ఉపన్యాసం మొదలుపెడతాను. ఉపన్యాసమే మానేస్తానని ప్రమాణం చేయమంటోంది స్వరూప. అంత పెద్ద త్యాగం నావల్ల కాదు.