అమ్మకు ఎక్కించిన బలం సీసా

తొంభైల్లో ఉదయగిరి పక్కన మా పల్లెలో నీరసానికి మందు ఒకటే, సీసా. గ్లూకోజు నీళ్ళలో బీ కాంప్లెక్సు కలిపి నరానికి ఎక్కించేవాళ్ళు. నీళ్ళు పసుపు రంగుకు తిరిగితే బలం కలిసిందని మా నమ్మకం. వరికోతలయ్యాక, చర్చిలో ఉపవాస ప్రార్థన కూడికలకు ముందు, ఆడవాళ్ళు వంతులేసుకుని ఎక్కించుకునేవాళ్ళు. మూడు రోజులు తినకుండా మోకాళ్ళ మీద ఉండాలి కదా. అది ఉపవాసాన్ని మోసం చేయడమని ఎవరికీ తోచలేదు. నోటితో తినలేదు గదా అనేవాళ్ళు.

ఎక్కించేది మా సంఘపెద్దే. చదివిన డాక్టరు కాదు. ఎక్కడో కాంపౌండరుగా పనిచేసి వచ్చి, సీసాలూ సూదులూ ఉన్న సంచిని సైకిలుకు తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. సూది గుచ్చి, సీసాను దూలానికి కట్టి, తలమీద చేయి పెట్టి ప్రార్థన చేసేవాడు. ప్రార్థన చేసి ఇచ్చే మందును వద్దనడం మా ఇంట్లో లేదు. ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెప్పే నేను కూడా వద్దనలేదు.

ఒక ఏడు కూడికల ముందు అమ్మ కాళ్ళు వాచి ఉన్నాయి. నాలుగడుగులేస్తే ఆయాసం. అంతా నీరసమేనని, రెండు సీసాలు ఎక్కిస్తే కూడికలకు లేచి నడుస్తుందని ఆయన చెప్పాడు. మొదటిది అయిపోయింది. రెండోది కట్టి, తొందరగా దిగాలని గొట్టం మీది చిన్న చక్రాన్ని పూర్తిగా వదిలాడు. మధ్యలో ఎవరైనా ముట్టుకుంటే నరంలోకి గాలి పోయి ప్రాణం మీదికొస్తుందన్నాడు. అప్పటికే ప్రార్థనకు వచ్చిన ఆడవాళ్ళు గడపదాకా కూర్చున్నారు. నేను మంచానికీ గోడకూ మధ్య ఇరుక్కుని నిలబడ్డాను. అందరం కళ్ళు మూసుకున్నాం.

ఆయన ప్రార్థన పొడుగు. అమ్మతో మొదలుపెట్టి, సంఘం మీదుగా, వానల మీదుగా, దేశాన్ని ఏలేవాళ్ళదాకా పోయాడు. ఆ మాటల కింద నాకు ఇంకో చప్పుడు వినబడింది. నీళ్ళలోంచి ఊపిరి తీస్తున్నట్టు, బుడబుడమని. కళ్ళు తెరిచాను. ఆమెన్ చెప్పకముందు కళ్ళు తెరవడం నాకు అదే మొదలు. అమ్మ పెదవులు నల్లబడి ఉన్నాయి. లేవబోయి, సూది ఉన్న చేతిని కదపడానికి భయపడి, నావైపే చూస్తోంది.

"అన్నా, అమ్మకు ఊపిరాడటల్లేదు" అన్నాను మెల్లగా.

ఆయన కళ్ళు మూసుకునే చేయెత్తి ఆగమన్నాడు. గొంతు ఇంకాస్త పెంచాడు. ఆడవాళ్ళు స్తోత్రమన్నారు. అమ్మ నా కొంగు పట్టుకుంది.

"ప్రార్థన చెడగొట్టబాక పాపా" అంది గడప దగ్గర కూర్చున్న ఒకామె.

ముట్టుకుంటే చంపినదాన్నవుతాను. ఊరుకుంటే కూడా అంతే. గొర్రె గుంటలో పడితే విశ్రాంతి దినమైనా పైకి తీయాలన్న ప్రభువు మాట పోయిన ఆదివారమే పిల్లలకు చెప్పాను. ప్రభువా, తప్పయితే నామీద వెయ్యి అనుకుని చక్రం బిగించాను. చుక్క ఆగింది. అమ్మను లేపి నా ఎదకు ఆనించి కూర్చోబెట్టాను.

ఊళ్ళో దొరికిన జీపు ఎక్కించి, ఆత్మకూరుదాకా అలాగే పట్టుకున్నాను. ఆస్పత్రిలో డాక్టరమ్మ సూది మందు వేసి, అమ్మ ఊపిరి కుదుటపడ్డాక, వాచిన కాళ్ళను వేలితో నొక్కి చూసింది. గుండె బలహీనంగా ఉన్న మనిషికి అన్ని నీళ్ళు ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నిండుతాయంది. "ఆ విటమిన్లు మాత్రగా మింగినా సరిపోయేది గదమ్మా" అంది. ఆమె కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

అమ్మ బతికింది. అది ప్రభువు చేసిన మేలు. సంఘంలో మాత్రం, నేను ప్రార్థన మధ్యలో ఆపినందుకే అమ్మ ఆస్పత్రి పాలైందనుకున్నారు. అమ్మ కూడా అదే నమ్మింది. మరుసటి ఏడు కూడికలు దగ్గరపడగానే తనే ఆయనకు కబురు పెట్టించింది.

"పోయినసారి బలం పట్టేలోగా ఆపేస్తివి. ఈసారన్నా పూర్తిగా ఎక్కనీ" అంది నాతో.

సైకిల్ వాకిట్లో ఆగింది. లోపల అమ్మ అప్పటికే చేయి చాపుకుని పడుకుని ఉంది. ఆయన్ను రానీయమని అరుస్తోంది. నేను గడపలో నిలబడ్డాను.

"ప్రార్థన చేద్దురు రాండన్నా" అన్నాను. "సంచి మాత్రం సైకిలుకే ఉండనీండి."