తెల్లక్కకు మిల్లు చూపించిన రోజు

ఆ రోజుల్లో కోపం తెచ్చుకోవడానికి ఎవరూ కష్టపడాల్సిన అవసరం ఉండేది కాదు. తెలంగాణ కోసం జనమంతా రోడ్ల మీదికి వచ్చిన కాలం. జనగామ బస్టాండులో టీ తాగుతుంటే, పక్కన కూర్చున్న పెద్దమనిషి తన కోపంలో సగం మనకు పంచిపెట్టి బస్సెక్కి వెళ్లిపోయేవాడు (బస్సులు నడిచిన రోజున). నా దగ్గర మాత్రం అప్పటికే సొంత కోపం బాగా నిల్వ ఉంది. మరిపెడ దగ్గరి తండాలో పుట్టి, ఇంగ్లీషు సాహిత్యంతో డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగాల కోసం తిరిగి తిరిగి, చివరికి జనగామ శివారులోని ఒక పత్తి మిల్లు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఫోన్లు ఎత్తడం, లారీ డ్రైవర్లతో పోట్లాడడం నా పని. ఆ రెండింటిలోనూ ఇంగ్లీషు సాహిత్యం అక్కరకు రాలేదు. మా మేనేజరు కోస్తా నుంచి వచ్చిన మనిషి. నేను ఫోనులో "ఏంది" అన్నప్పుడల్లా చేస్తున్న పని ఆపి మరీ నవ్వేవాడు. "అచ్చం సినిమాల్లో కామెడీ వాళ్లలా మాట్లాడతావమ్మా" అనేవాడు, అదేదో మెచ్చుకోలు అయినట్టు. ఏది అడిగినా "రేపు చూద్దాం" అంటాడు గనక మిల్లులో ఆడవాళ్లు ఆయనకు రేపటిసారు అని పేరు పెట్టుకున్నారు. నేనూ మనసులో అలాగే పిలుచుకునేదాన్ని.

పత్తిలోంచి గింజను విడదీసే మిషన్లు వరసగా ఉండేవి. వాటికి పత్తి అందించే పనంతా ఆడవాళ్లది. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు కొందరు, మా తండాల వాళ్లు కొందరు. మా చిన్నమ్మ కూడా వాళ్లలో ఉండేది. పొద్దుగూకేసరికి అందరి కనుబొమలూ దుమ్ముతో తెల్లబడి, పెళ్లికాని పిల్లలు సైతం ముసలవ్వల్లా కనిపించేవారు. ముక్కుకు కొంగు కట్టుకోవడమే వాళ్లకు తెలిసిన రక్షణ. అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటి ఉండేది. మిల్లు మొత్తానికి ఒక్కటే లెట్రిన్ గది. అది ఆఫీసు వాళ్లకు. దాని తాళంచెవి రేపటిసారు జేబులో ఉండేది. (నేను అడిగితే ఇచ్చేవాడు గానీ, ఇచ్చేముందు "ఎందుకమ్మా?" అని అడిగేవాడు.) పనివాళ్లు మాత్రం గోడ వెనక సర్కారు తుమ్మల చాటుకు పోయేవారు. ఆ సంవత్సరం లారీలు నిలపడానికి జాగా చాలదని ఆ తుమ్మలు కూడా కొట్టేసి చదును చేశారు. లారీలకు చోటు దొరికింది, ఆడవాళ్లకు పోయింది.

దాంతో వాళ్లు నీళ్లు తాగడం మానేశారు. ఆ దుమ్ములో, ఆ ఉక్కలో, గొంతు తడుపుకోకుండా పొద్దంతా నిలబడేవారు. ఒకరోజు మా చిన్నమ్మ నడుం పట్టుకుని మిషను పక్కనే కూలబడింది. ఆటోలో దవాఖానకు తీసుకుపోతే, డాక్టరు ఆమెను కసిరాడు, నీళ్లు తాగవా అని. "ఇంటికి పోయినంక తాగుత సారూ" అంది చిన్నమ్మ, తప్పు చేసిన పిల్లలా. నేను తిరిగి వచ్చి మేనేజరుకు చెబితే ఆయన తల పంకించి, పల్లెటూరి ఆడవాళ్లకు ఆరోగ్యం మీద అవగాహన లేదమ్మా అన్నాడు. ఆ మాట తలచుకుంటే ఇప్పుడు కూడా నా చెవులు వేడెక్కుతాయి.

అలాంటి మిల్లుకు విదేశం నుంచి ఒకామె వస్తున్నదని కబురు వచ్చింది. మా పత్తి ఎక్కడెక్కడికో పోయి దారమై, బట్టై, చివరకు సముద్రాల అవతల దుకాణాల్లో అంగీలుగా వేలాడుతుందట. ఆ దేశాల్లోని కార్మిక సంఘాలన్నీ ఒక్కటై, ఆ అంగీల వెనక ఎవరి చేతులున్నాయో, ఆ చేతులు ఎట్లా ఉన్నాయో చూసి రమ్మని ఈమెను పంపుతున్నాయట. ఇదంతా నాకు సరిగ్గా అర్థం కాక భూపాలపల్లిలో బొగ్గుబావిలో పనిచేసే మా మేనమామకు ఫోన్ చేశాను. ఆయన సంఘం మనిషి. బావి దగ్గరి క్యాంటీను మొదలుకొని ఒంటి మీది బూట్ల దాకా ప్రతిదీ కొట్లాడితేనే వచ్చిందని చెప్పేవాడు.

"చూడు బిడ్డా" అన్నాడు మామ. "ఒక దేశంల కూలోళ్లు మంచిగ బతుకుతాంటె, సేటు దుకాణం ఎత్తుకొని, తక్వకు చేసెటోళ్ల దేశం పోతడు. ఈడ మీరు నోరు మూసుకుంటె ఆడ వాళ్ల పని పోతది. గందుకె అన్ని దేశాల కూలోళ్లు ఒకలకొకలు తెల్వాలె. ఆమె మీ మీద దయతోని వస్తలేదు. ఆమె పని గూడ మీ చేతుల్నే ఉన్నది."

డిగ్రీలో మూడేళ్లు చదివినదాంట్లో నాకు ఇంత సూటిగా అర్థమైన వాక్యం ఒక్కటీ లేదు.

ఇక మిల్లులో హడావుడి మొదలైంది. వెనక గోడకు ఆనించి కొత్తగా లెట్రిన్ గదులు కట్టి నీలం రంగు తలుపులు బిగించారు. లోపల మెరిసే నల్లాలు పెట్టారు. తిప్పితే గాలి కూడా రాలేదు, ఎందుకంటే వాటికి పైపు వేయలేదు. ఆ తలుపులకు కూడా తాళాలే, ఆమె చూడడానికి వచ్చే రోజే తెరుస్తారట. మాస్కులు తెప్పించి అలమారలో పెట్టారు, అవీ ఆ రోజుకే. ఇదంతా చాలక మేనేజరు ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి రిహార్సలు పెట్టాడు. తాను నల్లకళ్లద్దాలు పెట్టుకుని, కుర్చీలో కాలు మీద కాలేసుకుని, సన్నగొంతుతో ఆ విదేశీ ఆవిడలా అడిగాడు, ఇక్కడ మీకు సౌకర్యంగా ఉందా అని. వరసలో ముందు కూర్చున్నది మైకవ్వ. మిషన్లు నడుస్తున్నా ఆమె మాట గేటు దాకా వినిపించేది గనక ఆ పేరు.

"నువ్విప్పుడు దొరసానివా, మేనేజరువా? మొదలు గది చెప్పు" అంది మైకవ్వ. "మేనేజరుకైతే ఒక తీరు చెప్పాలె, దొరసానికైతే ఒక తీరు చెప్పాలె."

మేనేజరు కళ్లద్దాలు తీసేసి నా వైపు తిరిగాడు. అనువాదం చేసేది నేనే. వాళ్లు ఏం చెప్పినా సరే, అందరూ చాలా సంతోషంగా ఉన్నారని ఇంగ్లీషులో చెప్పమన్నాడు. నేను తలూపాను. ఆ ఊపు ఆయనకు అవునన్నట్టు కనిపించింది. నిజానికి కోపంతో నా మెడ దానంతటదే ఊగింది.

ఆమె రావలసిన రోజునే బందు పిలుపు వచ్చింది. హైవే మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు. మిల్లు ఆడవాళ్లంతా పోతామన్నారు. మేనేజరు కాదనలేకపోయాడు. (ఎవరూ రాళ్లు వేయకుండా మిల్లు గేటు మీద తనే పెయింటరును పిలిచి, మిల్లు పేరుకంటే పెద్ద అక్షరాలతో "జై తెలంగాణ" రాయించాడు.) ఒక్కరోజు ఆగమని బతిమాలాడు. "తెలంగాణ ముందట, తెల్లక్క ఎన్క" అంది మైకవ్వ. ఆమె నోట వచ్చిన ఆ పేరే ఆ విదేశీయురాలికి స్థిరపడిపోయింది.

తెల్లక్క పొద్దున్నే రైలు దిగింది. నెరిసిన జుట్టు, దుమ్ము పట్టిన బూట్లు, భుజాన ఒక సంచీ. ఆమె మాట్లాడిన ఇంగ్లీషు నాకు అర్థం కాలేదు, నాది ఆమెకు అర్థం కాలేదు. కాసేపటికి తెలిసింది, ఆమెకూ అది సొంత భాష కాదట, బడిలో నేర్చుకున్నదేనట. ఆ మాట విన్నాక నా ప్రాణం కుదుటపడి, ఇద్దరం తప్పులు హాయిగా మాట్లాడుకున్నాం. మేనేజరు కారులో బయలుదేరాం. ఖాళీ మిల్లు చూపించి, నీలం తలుపులు చూపించి, మధ్యాహ్నం రైలుకు పంపేయవచ్చని ఆయన ఆశ. మిల్లు ఇంకా కనిపించనేలేదు, రోడ్డుకు అడ్డంగా రాళ్లపొయ్యిలు, పొగ, డప్పులు. కారు ఆగింది. అద్దంలోంచి మొదట వంగి చూసిన ముఖం మైకవ్వది.

ఇక ఆయన చేతిలో ఏమీ లేకుండా పోయింది. ఆడవాళ్లు తెల్లక్కను చెయ్యి పట్టుకుని దింపి టార్పాలిన్ మీద కూర్చోబెట్టారు. వంటావార్పుకు వచ్చినవాళ్లంతా ఏదో ఒక పని చేయాలని అక్కడి కట్టుబాటు. తెల్లక్కకు ఎల్లిపాయలు ఒలిచే పని ఇచ్చారు. మేనేజరు ముందు ఉల్లిగడ్డల గంప పెట్టి కత్తిపీట జరిపారు. ఉద్యమం మధ్యలో కూర్చుని కాదనే ధైర్యం ఎవరికుంటుంది? ఆయన కళ్లు తుడుచుకుంటూ కోస్తుంటే, సారుకు తెలంగాణ మీద ఎంత ప్రేమో చూడండని ఎవరో అన్నారు. అప్పుడు తెల్లక్క ఎల్లిపాయ ఒలుస్తూనే అడిగింది, మీ మిల్లులో అన్నిటికన్నా కష్టమైనది ఏది అని. నేను తెలుగులో చెప్పాను. మేనేజరు ఉల్లిగడ్డ వదలకుండానే "సంతోషంగా ఉన్నారని చెప్పమ్మా" అని గొణిగాడు.

చిన్నమ్మ చెప్పింది. దవాఖాన మాట, నీళ్ల మాట, పొద్దంతా ఆపుకోవడం మాట. అంతా బాగానే ఇంగ్లీషులోకి మార్చుకుంటూ వస్తున్నాను గానీ, సరిగ్గా అక్కడికి వచ్చేసరికి ఆపుకోవడానికి ఇంగ్లీషు మాట గుర్తు రాలేదు. మహాకవుల పద్యాలు బట్టీపట్టిన బుర్రలో ఆ ఒక్క మాట లేదు. అందరూ నా ముఖం వైపే చూస్తున్నారు. ఇక గత్యంతరం లేక, జాతీయ రహదారి నడిమధ్యన లేచి నిలబడి, కాలు మీద కాలు మెలేసి, పళ్లు బిగించి, పిడికిళ్లు ముడిచి, అటూ ఇటూ ఊగి చూపించాను. డప్పు కొట్టేవాళ్లు కొట్టడం ఆపేశారు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. తెల్లక్క మాత్రం నవ్వలేదు. చేతిలో ఎల్లిపాయ కింద పెట్టేసింది.

తరవాత ఆమె నెమ్మదిగా తన తల్లి కథ చెప్పింది. ఆ తల్లి ఒక రేవు పట్టణంలో చేపలు డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలో పనిచేసేదట. బయటికి పోవాలంటే చెయ్యెత్తి నిలబడాలి, మేస్త్రీ చూసి సరే అనాలి, అతను చాలాసార్లు చూడనట్టు నటించేవాడు. ఒకనాడు ఆడవాళ్లంతా ఒకేసారి చేతులెత్తారట. ఎత్తినవి దించలేదట. డబ్బాలు అలా ఖాళీగా కదిలిపోతూనే ఉన్నాయట. నేను ఇది తెలుగులో చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మైకవ్వ పొయ్యిలోకి కట్టె ఎగదోసింది. తరవాత, "తెల్లోళ్లకు గూడ తాళం ఏసిండ్రా" అంది, తనలో తాను.

ఆ పూట తెల్లక్క మాతో పప్పన్నం తిని, కారం తట్టుకోలేక కళ్లనీళ్లు పెట్టుకుని, ఇంకొంచెం అడిగి వేయించుకుంది. మిల్లు లోపల అడుగు పెట్టకుండానే సాయంత్రం రైలెక్కింది. తనకు చూడవలసింది కనిపించిందని నాతో చెప్పింది.

బందు ముగిసి మిల్లు తెరిచేసరికి నీలం తలుపులకు తాళాలు అలాగే ఉన్నాయి. మాస్కులు అలమారలోనే ఉన్నాయి. పైపు సంగతి అడిగితే ఎప్పటి మాటే. మధ్యాహ్నం దాకా ఆడవాళ్లు మామూలుగా పనిచేశారు. ఆ తరవాత మైకవ్వ చెయ్యెత్తింది. ఆ పక్కామె ఎత్తింది. చూస్తుండగానే వరసలన్నీ లేచాయి. మిషన్లు పత్తి లేక ఉత్తినే అరవసాగాయి. బయట పత్తి లారీలు హారన్లు కొడుతున్నాయి. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటమ్మా ఇది, చేతులేంటి?"

"బయటికి పోవాలె సారూ" అంది మైకవ్వ.

"ఎవరు?"

"అందరం."

"రేపు చూద్దాం" అన్నాడాయన, అలవాటుగా.

"రేపటిదాక ఆగదు సారూ."

అందరూ నవ్వారు, కానీ ఒక్క చెయ్యీ దిగలేదు. నేను ఆఫీసు గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. మా చిన్నమ్మ ఒక చేత్తో నడుం పట్టుకుని, రెండో చెయ్యి నిటారుగా ఎత్తి ఉంచింది. యజమాని కారు వచ్చింది. ఆయన మొదట అరిచాడు, తరవాత నచ్చజెప్పాడు, లారీల వరస చూసి చివరికి ప్లంబరును పిలిపించాడు. పొద్దు వాలేసరికి నల్లాలో నీళ్లు వచ్చాయి. తాళాలు తీసేశారు. కొన్నాళ్లకు, తెల్లక్క చెప్పింది విని ఆ దేశాల్లో బట్ట కొనేవాళ్లు గట్టిగా అడిగితే, మాస్కులు కూడా అలమార దిగాయి.

నా ఉద్యోగం మాత్రం పోయింది. అనువాదం సరిగా చేయలేదట, ఇంగ్లీషు రాదట. దేన్నైనా భరిస్తాను గానీ, రాని ఇంగ్లీషు కోసం కాళ్లు మెలేసి మరీ నిజం చెప్పిన మనిషిని భాష రాదని పంపడం నాకు మింగుడు పడలేదు. మైకవ్వ వాళ్లు నా కోసం కూడా చేతులెత్తుతామన్నారు. ఎత్తేవాళ్లే. కానీ అప్పటికే పత్తి రావడం తగ్గిపోయింది. సీజను అయిపోతే మిల్లు మూత, వాళ్లూ ఇళ్లకే. ఖాళీగా ఉన్న మిషను ముందు ఎత్తిన చెయ్యిని ఎవరు పట్టించుకుంటారు? పెట్టె సర్దుకుని మానుకోట (అదే, మహబూబాబాదు) మీదుగా బస్సులో తండాకు బయలుదేరాను. దారి పొడుగునా గుడారాలు, జెండాలు. ఉద్యోగం పోయిన దిగులు ఏ కోశానా లేదు. ప్రపంచాన్ని సగం బాగుచేసి వస్తున్నదాన్ని, మిగతా సగం రాష్ట్రం రాగానే చేసేద్దామన్నంత ధీమా.

మా అమ్మ మిరపచేను కూలికి పోయి అప్పుడే వచ్చి, కాళ్లు కడుక్కుంటోంది. కూర్చోనివ్వకుండానే మొత్తం కథ చెప్పేశాను, మా ఇంటి లంబాడీ భాషలో, చేతులెత్తి మరీ చూపిస్తూ. ఇక మీద తెలంగాణలో ఏ మిల్లులోనూ ఆడవాళ్లు నీళ్లు తాగడానికి భయపడరని తీర్మానం కూడా చేసేశాను. అమ్మ అంతా శ్రద్ధగా విన్నది. కారం మంటకు ఉబ్బిన వేళ్లను నీళ్లలో ముంచుకుని, "మంచిగ చేసినవ్ బిడ్డా" అంది. కాసేపాగి అడిగింది, "మరి చేన్ల పనిచేసెటోళ్లకు?"

అప్పటిదాకా ఎత్తి చూపిస్తున్న చేతులు దించేశాను. మిరపచేలో చాటు ఉండదని, అమ్మ కూడా పొద్దంతా నీళ్లు తాగదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, ఎన్నడూ తట్టలేదంతే. ఇప్పుడు మహబూబాబాదులో పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటున్నాను. రాష్ట్రం వచ్చి చాలా ఏళ్లయింది. మిరపచేలు అలాగే ఉన్నాయి, కోపమూ అలాగే ఉంది. కానీ పెట్టె ఇంకా విప్పకుండానే, లోకమంతా చక్కబడిపోయిందని అమ్మకు హామీ ఇచ్చిన ఆ పిల్ల గుర్తొస్తే మాత్రం, ఎంత కోపంలో ఉన్నా ఒక్క నిమిషం నవ్వొస్తుంది, దాని మీద కాస్త అసూయ కూడా కలుగుతుంది.