సర్వే రాయి దాటిన సిరా

మీ ఊరి పటంలో పొలం హద్దుకు గీసిన గీత నేల మీద ఎంత చోటు తింటుందో మీరెప్పుడైనా లెక్క వేశారా? వేసి ఉండరు. ఆ పటాలు గీసి బతికిన నేనే వేయలేదు.

డెబ్బైల చివర్లో ఆదోనిలో ఒక డ్రాఫ్ట్స్‌మన్ దగ్గర పనిచేసేవాణ్ణి. ఇళ్ళ ప్లాన్లు గీయడం, పొలాల పటాలకు నకళ్ళు తీయడం మా పని. పని అయ్యాక హేతువాదుల చర్చా సభలు. పెద్దలు చెప్పారని నమ్మకండి, ధర్మశాస్త్రంలో ఉందని నమ్మకండి, కొలిచి కాగితం మీద పెట్టిందే నమ్మండి అని గొంతు చించుకునేవాణ్ణి. చుట్టుపక్కల పల్లెల్లో కూడా మాట్లాడాను. ఆ పల్లెల్లో ఒకటి ఈ కథలోనిది.

మా డ్రాఫ్ట్స్‌మన్ పెద్దాయన నాకు మొదట నేర్పింది గీత కాదు, మూల. రెండు లావు గీతలు కలిసే చోటును మూడు రకాలుగా ముగించవచ్చు. అంచులు రెండూ కలిసేదాకా లాగి మొన తేల్చవచ్చు. గుండ్రంగా తిప్పవచ్చు. లేదా అడ్డంగా కోసి మొండి చేయవచ్చు. మొన తేల్చిన మూల చూడటానికి అందంగా ఉంటుంది, కానీ మూల ఇరుకైన కొద్దీ ఆ మొన అసలు చోటు దాటి ముందుకు పోతుంది.

"గీత లావుకు నాలుగింతలు దాటిందంటే కోసెయ్యప్పా. ఆడ ఉండేది నేల గాదు, సిరా" అనేవాడు ఆయన.

ఎమ్మిగనూరు దారిలో ఉన్న ఆ పల్లె పెద్దలు పంచాయతీ గదికి పెద్ద పటం కావాలన్నారు. వాకిట్లో నిలబడినా గీతలు కనబడాలన్నారు. సర్వే నకలును పెద్దది చేసి, జొన్నగింజంత లావు గీతలతో హద్దులు గీశాను. ఊరికి దక్షిణంగా ఒక పెద్ద రైతు చేను బండిబాటకూ వాగుకూ మధ్య మేకులా సన్నబడి ఒక సర్వే రాయి దగ్గర ముగుస్తుంది. అంత ఇరుకు మూలను మొండి చేయడానికి నాకు మనసొప్పలేదు. మొన తేల్చాను. అది రాయి ఉండాల్సిన చోటు దాటి, ఊరి చేదబావి గుర్తుగా నేను గీసిన సున్నాను తాకింది. బొటనవేలి గోరంత సిరా. ఆ పటం కొలతలో అది ఎనిమిది బారల నేల.

రాయికీ బావికీ మధ్య ఒక గుడిసె ఉంది. పటంలో లేదు. గుడిసెలు గీయమని ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు.

పటాన్ని ఎమ్మిగనూరులో అద్దం కట్టించాను. ఫ్రేములు కట్టే ఆయన ఆ మూల చూసి, "సూదిమొన లెక్క తేల్చినావు సూడన్నా!" అన్నాడు. పొంగిపోయాను.

రెండు నెలలకు ఒక ముసలామె మా గదికి వచ్చింది. శెనక్కాయల కూలికి పోయే మనిషి. ఆదివారం ప్రార్థన మానుకుని బస్సెక్కి వచ్చానంది.

"పటం గీసింది నువ్వేనంట గదప్పా. నా గుడిసె రైతు సేన్లో ఉందంట, పీకెయ్యమంటాండారు. నా మొగుడు ఉన్నప్పట్నుంచి అది ఆడనే ఉంది, యాడికీ జరగలేదు. మీ గీత ఎట్ల వచ్చె దాని మీదికి?"

సర్వే నకలు, ఒక కొలతాడు తీసుకుని ఆమె వెంటే వెళ్ళాను. పంచాయతీ గదిలో నా పటానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, పూలదండ వేసి ఉంది. గోడకు ఎత్తిన రోజు టెంకాయ కూడా కొట్టారట. అద్దం విప్పండి, బ్లేడుతో ఆ మొన గీకేస్తాను, అది నా తప్పు అన్నాను.

"కుంకుమ పెట్టిన పటం మీద బ్లేడు పెడతావా?" అని ఒక పెద్దమనిషి లేచాడు.

సర్వే నకలు చూపించాను. అందులో వెంట్రుకంత గీతలు రాయి దగ్గరే ఆగిపోయాయి. పెద్ద రైతు దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని నవ్వాడు.

"ఈ సన్నగీత ఎవరికి కనబడుతుందప్పా? లావుది చూడు, ఎంత తేటగా ఉందో! మీటింగులో ఏం జెప్పినావు? కాగితం జూడండి, కొలత జూడండి అంటివి. చూస్తాండాం గదా!"

గది అంతా నవ్వింది. "దేవుడు లేడంటాడు, ఇప్పుడు గీత గూడా లేదంటాండాడు" అన్నాడు ఇంకొకడు.

నేల మీద కొలుద్దాం రండి అన్నాను. పదిమంది వచ్చారు. రాయి అక్కడే ఉంది. అది జరిగి ఉంటుందన్నారు. బండిబాట మలుపు నుంచి కొలిచి, జరగలేదని చూపిస్తాను, తాడు రెండో కొస పట్టుకోండి అన్నాను. ఒక్కరూ చెయ్యి చాపలేదు. మీటింగులో నాకు చప్పట్లు కొట్టినవాళ్ళు అందులో ఇద్దరు ఉన్నారు. వాళ్ళూ తల దించుకున్నారు. చివరికి ఆ ముసలామే వచ్చి పట్టుకుంది. కొలత సరిగ్గా రాయి దగ్గరికే వచ్చింది.

"ఆమె పట్టుకునిన కొలత సెల్లదు" అన్నాడు పెద్ద రైతు. అంతే, అందరూ వెనక్కి తిరిగారు.

సర్వేయరును పంపమని తాలూకా ఆఫీసులో అర్జీ పెట్టాను. వంతు వచ్చినప్పుడు వస్తాడన్నారు. ఆయన వచ్చేలోగా ఆమె వాసాలు విప్పుకుని దేవనకొండ దగ్గర చెల్లెలి ఇంటికి పోయింది. ఆయన వచ్చి కొలిచాడు, హద్దు రాయి దగ్గరేనని రాసి పోయాడు. అప్పటికి గుడిసె ఉన్న చోట పెద్ద రైతు వేసిన ఆముదాలు మొలిచి ఉన్నాయి. వాటిని పీకించడానికి ఎవరూ రాలేదు. ఆమె కూడా రాలేదు. నేను రాసిన కార్డుకు జవాబు లేదు.

మంత్రానికి మొక్కేవాణ్ణి తిట్టడం నాకు వచ్చు. నా సిరాకు మొక్కినవాళ్ళను ఏమని తిట్టాలి? కాగితాన్ని నమ్మమని వాళ్ళకు నేర్పింది నేనే. కాగితాన్ని కూడా కొలవాలని నేర్పలేదు. ఎనభైలంతా ఎన్నో పటాలు గీశాను, ఇరుకు మూల వస్తే కోసేశాను. దానివల్ల ఆమెకు ఒరిగింది ఏమీ లేదు.

మీరు చప్పట్లు కొట్టకండి. రేపు పొద్దున్నే మీ పంచాయతీ గదికి వెళ్ళి, పటం మీది పూలదండ తీసేయండి. ఇరుకు మూలలన్నీ చూడండి, రాయి దాకా నడవండి. అక్కడ ఎవరైనా ఒక్కరే తాడు పట్టుకుని నిలబడి ఉంటే, రెండో కొస మీరు పట్టుకోండి.