రాజలింగం ఎర్ర గీత

దెయ్యాలను నమ్మే మనిషిని కాను నేను. ముప్పై నాలుగేళ్లు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేశాను. బోల్టు వదులైతే బోగీ చప్పుడు చేస్తుంది, బిగిస్తే నోరు మూస్తుంది. లోకంలో ప్రతి చప్పుడు వెనకా ఎక్కడో ఒక వదులు బోల్టు ఉంటుందనే నా నమ్మకం. మా విజయనగరం బంధువులు గాలి సోకిందనో, ఎవరో కనబడ్డారనో మొదలుపెడితే చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయేవాడిని.

సీతాఫల్‌మండిలో మా వీధికి వచ్చి విమానం సన్యాసిరావు ఇల్లేదంటే ఎవరైనా చూపిస్తారు. ఒంటి చేత్తో విమానం కట్టాడని, హుస్సేన్ సాగర్ మీద అరగంట తిరిగాడని కూడా చెబుతారు. వాళ్లకు ఆ మాట చెప్పింది నేనే. ఒంటి చేత్తో కాదు, మేం ముగ్గురం. హుస్సేన్ సాగర్ సంగతి చివర్లో చెబుతాను.

మాదాపూర్‌లో అద్దాల భవనాలు లేస్తున్న రోజులవి. కిరణ్ అని ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి, ముప్పై అయిదేళ్లుంటాయి, విమానం నడిపే లైసెన్సు సంపాదించాడు. ఆ సరదా చాలక విదేశం నుంచి చెక్కపెట్టెల్లో విమానమే తెప్పించాడు. విడి భాగాలూ, లావుపాటి పుస్తకమూ. మనమే కట్టుకోవాలి. పైనొక జత, కిందొక జత రెక్కలు. ముందొక సీటు, వెనక నడిపేవాడికి ఒక సీటు. పైకప్పు లేదు, గాలి నేరుగా మొహానికే.

కిరణ్ వాళ్ల నాన్న మా వర్క్‌షాపులో స్టోర్స్ చూసేవాడు. రిటైరైనవాళ్లలో చేతిపని తెలిసినవాళ్లు ఇద్దరే ఉన్నారని కొడుకుకి చెప్పాడట. ఒకడు రాజలింగం, రెండోవాణ్ని నేను. బయట చెప్పేటప్పుడు ఈ వరస మార్చి చెప్పుకుంటూ వచ్చాను.

ఆయనకు తెలియనిది ఒకటుంది. నాకూ రాజలింగానికీ మాటల్లేవు. ఒకే షెడ్డులో, బోగీల కింద పక్కపక్క గుంటల్లో పనిచేస్తూ పదహారేళ్లు మాట్లాడుకోకుండా గడిపాం. ఎందుకు మొదలైందో నాకు గుర్తులేదు. అతనికి గుర్తుండే ఉంటుంది.

లాలాగూడలో మూతపడ్డ కట్టెల మిల్లు షెడ్డు అద్దెకు తీసుకుని పని మొదలుపెట్టాం. రెక్కల మీద గుడ్డ పరిచి, అంచులు జిగురుతో అంటించి, మామూలు ఇస్త్రీపెట్టెతో వేడి చేస్తే గుడ్డ డప్పులా బిగుసుకుంటుంది. తర్వాత దాన్ని లోపలి ఊచలకు కుట్టాలి. పెట్టెలో వచ్చిన సూది రెండో రోజే విరిగింది. మోండా మార్కెట్లో పరుపులు కుట్టే ఆయన దగ్గర జానెడు సూది కొనుక్కొచ్చాను. నేను పైనుంచి గుచ్చితే కింద నుంచి రాజలింగం లాగి మళ్లీ పైకి గుచ్చేవాడు. గుడ్డకు అటొకడు, ఇటొకడు. ఒక్క మాట లేదు. నా వేలు ఎక్కడుందో చూసుకుని మరీ గుచ్చేవాడని నా అనుమానం.

మా వర్క్‌షాపులో ఒక కట్టుబాటు ఉండేది. బోల్టు బిగించినవాడు దాని తల మీద నుంచి పక్క రేకు మీదికి సన్నగా రంగు గీత గీస్తాడు. బోల్టు కాస్త తిరిగినా గీత విరిగి తెలిసిపోతుంది. ఎవరి రంగు వాళ్లది. నాది తెలుపు, అతనిది ఎరుపు. ఒకడి గీత ఉన్న బోల్టును ఇంకొకడు ముట్టుకోకూడదు. ముట్టుకున్నాడంటే మొహం మీద ఉమ్మినట్టే. ఆ కట్టుబాటు విమానం దగ్గరికీ తెచ్చుకున్నాం.

కింది ఎడమ రెక్క మొదట్లో, ఒక రేకు మూత కింద ఎనిమిది బోల్టులు. రెక్క తగిలే ఇనప పట్టీని ఒంటికి పట్టి ఉంచేవి అవే. అవి నా వాటా. లెక్క ప్రకారం బిగింపు చాలగానే టక్కుమనే రెంచి ఒకటుంటుంది. మా దగ్గర ఒకటే ఉంది, అది ఆ రోజు రాజలింగం చేతిలో ఉంది. నోరు తెరిచి అడగాలి. అడగలేదు. చేత్తో తిప్పి పెట్టేసి, ఎనిమిదింటికీ ముందే తెల్ల గీత గీసేశాను. అతను అన్నం తినడానికి వెళ్లినప్పుడు రెంచి తీసుకుని అయిదు బిగించి, విరిగిన గీతలు మళ్లీ గీశాను. అంతలో తిరిగొచ్చాడు. రెంచి ఉన్నచోట పెట్టేశాను.

మిగతా మూడూ సాయంత్రం చూద్దామనుకున్నాను. సాయంత్రం కిరణ్ వచ్చి, బాగుంది అంకుల్, మూత వేసేద్దాం అన్నాడు. వేసేశాను.

ఈ ముక్క ఇన్నేళ్లలో ఎవరికీ ఇంత వివరంగా చెప్పలేదు.

పది రోజుల తర్వాత ఉదయం నేను వెళ్లేసరికి ఆ మూత తీసి ఉంది. రాజలింగం చేతిలో పానా. పక్కన కిరణ్.

"సాబ్, రంగున్నది, బిగింపు లేదు. మీరే తిప్పి చూడుండ్రి."

కిరణ్ తిప్పాడు. తిరిగింది.

నా నోరు ఎప్పటిలాగే పనిచేసింది. "పదహారేళ్ల కక్ష బాబూ ఇది. తనే వదులు చేసి నా మీద పెడుతున్నాడు. నా గీత ముట్టుకున్న చెయ్యి ఎవరిదో చూస్తున్నారుగా" అన్నాను.

"మిగిలినయి సుత చూద్దాం. ఇంకెన్ని ఉన్నయో" అన్నాడు రాజలింగం.

"చూడనివ్వండి. వదులు చేసినవాడికే తెలుస్తుంది ఎన్నో."

కిరణ్ సొంత సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపేవాడు, ఇద్దరు పనివాళ్ల తగువు తీర్చడమంటే ఒకణ్ని పంపేయడమేనని అనుకునే రకం. రాజలింగాన్ని మానేయమన్నాడు. అతను తన రంగు డబ్బా, పానాలు సంచిలో వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, పదహారేళ్ల తర్వాత మొదటిసారి నా మొహం చూసి మాట్లాడాడు.

"నీ చెయ్యి తప్పు జేస్తది, నీ నోరు గెలుస్తది. ముందు సీట్ల కూసుంటవట గద? కూసో. నేను ఎన్క ఉంట."

మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయని చెప్పి, ఆ ఒక్క బోల్టు కిరణ్ ఎదుటే బిగించి, మూత వేసి, మూత స్క్రూల మీద కూడా నా తెల్ల చుక్కలు పెట్టాను. ఇంకా రెండు మిగిలాయి. మళ్లీ మూత తీస్తే ఎందుకని అడుగుతాడు. రేపు చూద్దాం, రేపు చూద్దాం అనుకుంటూ ఉండగా మూడు వారాలకు రాజలింగం గుండె ఆగి పోయాడని తెలిసింది. మా ఇంటికి రెండు వీధుల అవతలే వాళ్ల ఇల్లు. నేను వెళ్లలేదు.

రెక్కల పిన్నులు లాగి, ఆ మూత కింది బోల్టులు మాత్రం కదపకుండా, విమానాన్ని లారీలో ఊరి బయట ఎయిర్‌స్ట్రిప్‌కి తీసుకెళ్లే వారం వచ్చింది. అక్కడ మళ్లీ కూర్చి ఎగరేయాలి. రెక్క ఊడితే పోయేది కిరణ్. ఆ అబ్బాయికి రెండేళ్ల పాప. పాప ఒకసారి షెడ్డుకొచ్చి నా మీసం పట్టుకుని లాగింది. అది గుర్తొచ్చినప్పుడల్లా అన్నం సయించేది కాదు. అయినా నిజం చెప్పడానికి నోరు రాలేదు.

కిరణ్ ఆఫీసులో ఉన్న వేళ చూసుకుని ఒక మధ్యాహ్నం ఒక్కణ్నే షెడ్డుకి వెళ్లాను. తాళంచెవి నా దగ్గర ఒకటి, కిరణ్ దగ్గర ఒకటి. లోపలినుంచి గడియ పెట్టాను. పని మొదలుపెట్టే ముందు అలవాటుగా ముందు సీట్లో కూర్చున్నాను.

రెండు సీట్ల ముందూ మోకాళ్ల మధ్య విమానాన్ని తిప్పే స్టిక్ ఒక్కోటి ఉంటుంది. లోపల రెండింటినీ ఒకే కడ్డీ కలుపుతుంది. ముందుది కదిపితే వెనకది కదులుతుంది, వెనకది కదిపితే ముందుది. రోజూ ఒకసారి అటూ ఇటూ ఊపేవాణ్ని. వెన్నలా కదిలేది.

ఆ రోజు కదలలేదు. ఎక్కడో పట్టేసిందనుకుని గట్టిగా లాగాను. కాస్త వచ్చి, తిరిగి వెళ్లింది. ఇనుము పట్టేస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది అలా లేదు. అటువైపు ఒక చెయ్యి ఉంది. నేనెంత లాగితే అంతే బలంగా, ఒక్క పిసరు ఎక్కువగా, కావాలని లాగుతోంది. తర్వాత ఒక్కసారిగా వదిలి, నా కుడి తొడ మీదికి దిగబడింది. అదిమి పట్టింది. వెనక్కి తిరిగి చూశాను. వెనక సీటు ఖాళీ.

కాలు ఎలా లాక్కున్నానో, ఎలా దిగానో గుర్తులేదు. ఇరానీ హోటల్లో కూర్చుని రెండు చాయ్‌లు తాగాక, లోపల కడ్డీకి ఏదో అడ్డుపడి ఉంటుందని నాకు నేను చెప్పుకుని తిరిగి వెళ్లాను. అడ్డు ఏమీ లేదు. స్టిక్ వెన్నలా కదిలింది.

రెక్క మూత స్క్రూల మీద నా తెల్ల చుక్కలు చెక్కుచెదరలేదు. నేను వేశాక ఆ మూత ఎవరూ తీయలేదన్నమాట. తీశాను. ఎనిమిది బోల్టుల్లో నేను బిగించని ఆ రెండింటి మీద, నా తెల్ల గీతను దాటుకుంటూ ఎర్ర గీతలు. వేలు పెట్టాను. తడిగా అంటుకుంది. రెంచి వేశాను. రెండూ మొదటి పట్టులోనే టక్కుమన్నాయి. బిగించి ఉన్నాయి.

ఆ వేలు తుడుచుకున్న రుమాలుతోనే రాజలింగం ఇంటికి వెళ్లాను. అతని భార్య లక్ష్మమ్మ గుమ్మంలోనే నిలబెట్టింది. వదినా, రంగు డబ్బా ఒకసారి చూడాలి అన్నాను.

"వదినెవ్వలు నీకు? మనిషి బతికున్నప్పుడు దొంగన్నవు. సచ్చినంక డబ్బ కోసం వచ్చినవా?"

లోపలికి వెళ్లి డబ్బా తెచ్చి నా కాళ్ల దగ్గర పడేసింది. రంగు రాయిలా ఎండిపోయి ఉంది. కుంచె అందులో నిలబడే ఎండింది.

"మీరు ఎళ్లగొట్టిన దినం డబ్బ మూత సుత పెట్టలే. గట్లనే కూసున్నడు, గట్లనే పోయిండు. ఆయన అబద్ధం చెప్పలేదని గా పిలగానికి చెప్పు. అప్పటిదాంక నా గడప తొక్కకు."

చెబుతానన్నాను. చెప్పలేదు. పైగా ఎయిర్‌స్ట్రిప్‌లో కూర్పు పూర్తయ్యాక పని పుస్తకంలో 'ఎడమ రెక్క బోల్టులు బిగించినవారు' అన్నచోట నా పేరే రాసి సంతకం పెట్టాను.

కిరణ్ మొదట ఒక్కడే ఎగిరాడు. చక్కగా దిగాడు. నవ్వుతూ, రండి అంకుల్, మీ సీటు అన్నాడు. వద్దనడానికి కారణం ఏం చెప్పను? ఎక్కాను. బెల్టు కట్టారు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. రన్‌వే మీద వేగం అందుకున్నాం.

స్టిక్ నా కుడి తొడ మీదికి దిగబడింది.

"అంకుల్, స్టిక్ వదలండి" అని చెవిలో కిరణ్ గొంతు. "అంకుల్, ప్లీజ్, లీవ్ ఇట్."

రెండు చేతులూ తలపైకి ఎత్తి చూపించాను. స్టిక్ ఇంకా అదుముతూనే ఉంది. కిరణ్ ఇంజను తగ్గించి, గడ్డిలోకి దూసుకెళ్లి ఆపాడు.

హుస్సేన్ సాగర్ మీద అరగంట అన్నది ఇదే. నా జన్మలో నేను నేల వదల్లేదు.

ఆ గడ్డిలోనే, బెల్టు విప్పుకోకుండానే మొత్తం చెప్పేశాను. కిరణ్ పని పుస్తకం తెచ్చి నా పేరు కొట్టేసి రాజలింగం పేరు రాశాడు. నన్ను బస్సెక్కించమని డ్రైవరుకి చెప్పాడు. లక్ష్మమ్మ దగ్గరికి తనే వెళ్లి చెప్పాడని తర్వాత తెలిసింది. ఆవిడ ఇప్పటికీ నన్ను చూస్తే వీధి అవతలికి దాటుతుంది.

వారం తర్వాత కిరణ్ ఒకసారి ఫోన్ చేశాడు, అదే ఆఖరు. మూత తీయించి, ఆ రెండు బోల్టుల మీది రంగు గీకించి చూశాడట.

"ఎర్ర రంగు ఒక్కటే ఉంది, దాని కింద ఖాళీ లోహం. అక్కడ మీరు అసలు గీత పెట్టనే లేదు అంకుల్. ఇదీ అబద్ధమేనా?"

నా తొడ మీద రూపాయి బిళ్లంత గుంట ఇంకా ఉంది. డాక్టరు నరమేదో అన్నాడు, సరే. ఎర్ర మరక ఉన్న రుమాలు బీరువాలో ఉంది. వీటికి ఎవరైనా ఏదో ఒక కారణం చెప్పవచ్చు, నేనూ కాదనను.

కానీ ఆ తెల్ల గీత నేను పెట్టాను. పని చేయకుండా పెట్టాను, దొంగతనంగా పెట్టాను, కానీ పెట్టాను. ఆ రోజు ఎరుపు కింద దాన్ని నా కళ్లతో చూశాను. అది ఎక్కడికి పోయిందో ఈ రోజుకీ నాకు తెలియదు.